కుడి సగం

మా అన్నయ్య కార్ల కంపెనీలో మట్టి పనివాడు. కొత్త కారును రేకుతో చేసేముందు అసలు సైజులో మట్టితో చేసి చూస్తారు. ఆ మట్టిని చెక్కడం అన్నయ్య పని. నేను చెల్లెల్ని. నడుము కింద పట్టు లేదు. ఒక చక్రాల కుర్చీ, ఒక నోరు, అదీ నా ఆస్తి.

ఇరవై ఏళ్ల కిందట కంపెనీ తలుపులు, సీట్లు కూడా బిగించి ఒక వ్యాన్ నమూనా చేయించింది, ప్రదర్శనలో పెట్టి జనం ఏమంటారో చూద్దామని. అప్పట్లో ఒకే నమూనాకు రెండు ముఖాలు చేసేవారు. ఎడమ సగం ఒక రకం, కుడి సగం ఇంకో రకం. ఎడమవైపు అంతా సోకు. కుడివైపు అన్నయ్యకు అప్పగించారు. టేపు తెచ్చి నా కుర్చీ ఎత్తు కొలుచుకున్నాడు. తలుపు పక్కకు జరిగితే, సీటు నా కుర్చీకి సమంగా వచ్చింది. ప్రదర్శనకు ముందు నన్ను తీసుకెళ్లి ఎక్కమన్నాడు. చేతులు ఆనించి ఒరిగాను, అంతే, సీట్లో ఉన్నాను. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. అన్నయ్య అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. జలుబట.

జనం మెచ్చుకున్నారు, కంపెనీ దాన్ని గోదాములో పడేసింది. "ఎప్పటికైనా రోడ్డెక్కుతుందే," అనేవాడు అన్నయ్య. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

కిందటేడు కొత్త వ్యాన్‌కు ఆ పాత నమూనానే ఆధారం అన్నారు. ఆ రోజు అన్నయ్య కాలు నేల మీద నిలవలేదు. కుర్రకారు గోదాముకు వెళ్లి యంత్రంతో ఎడమవైపు కొలుచుకొచ్చారు. ఇప్పుడు సగం కొలిస్తే చాలు, రెండో సగాన్ని కంప్యూటరే తిప్పి అతికిస్తుంది. అన్నయ్య రోజుల్లో మట్టి గదిలో అడుగుపెట్టగానే "ఏ సగం?" అని అడిగేవారు. అడగాలని వీళ్లకు తెలియదు. అడగరని అన్నయ్యకు తెలియదు.

కుడివైపు కొలవనే లేదని తెలిసేసరికి నమూనా తుక్కులోకి వెళ్లిపోయింది, రేకులు నొక్కే అచ్చులు తయారైపోయాయి. డిజైన్ విభాగం పెద్దాయన మంచివాడే. అన్నయ్యను కూర్చోబెట్టి, "ఒక్క మాట ముందే చెప్పుంటే బాగుండేదండీ. ఇప్పుడు నా చేతుల్లో లేదు," అన్నాడట. కసిరి ఉంటే నయం, వెళ్లి నాలుగు దులిపేదాన్ని.

నిన్న షోరూంకు వెళ్లాం. ముక్కు, దీపాలు, కిటికీల వంపు, అన్నీ ఆ పాత బండివే. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. అన్నయ్య నన్ను కుడివైపుకు తోసుకెళ్లి తలుపు తీశాడు. తెలిసి కూడా తీశాడు. సీటు నా ఛాతీ ఎత్తున ఉంది.

"ఎక్కించనా?"

"వద్దంటే ఊరుకుంటావా."

చంకల కింద చేతులు వేసి లేపాడు. అరవై దాటిన మనిషి, నేనేమీ పూచికపుల్లను కాను. సగం లేపి, బరువు ఆపలేక మళ్లీ కుర్చీలో దించేశాడు. సేల్స్ అమ్మాయి పరుగున వచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను మూటలా లోపల పెట్టారు.

"ఎలా ఉందే?" అన్నాడు ఆయాసపడుతూ.

సీటు మెత్తగా ఉంది. అద్దంలోంచి వీధంతా కనిపిస్తోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దించెయ్ అన్నయ్యా."

"ఒక్క నిమిషం ఆగవే. ఊపిరి తీసుకోనీ," అని తలుపు పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు.

దిగాలన్నా ఆ చేతులే కావాలి. కూర్చున్నాను.