ఎడమవైపు పళ్ళు

మా చెల్లెలు ఫానే నోరు తెరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుళ్ళే, కాదనను. మా ఇద్దరివీ అమ్మ పళ్ళే, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నవి. కానీ దాని పళ్ళకి ఇప్పుడు క్లిప్పులున్నాయి, నాకు లేవు.

అంతా మా మేనత్త లోసే మొదలుపెట్టింది. మా టోంగా దీవుల వాళ్ళ ఇళ్ళల్లో మేనత్త మాటకి నాన్న కూడా ఎదురు చెప్పడు. డిసెంబరులో అన్నయ్య పెళ్ళి. పెళ్ళివారి ముందు ఒంటికి కొబ్బరినూనె రాసుకుని ఒక్కతే తౌఒలుంగా నాట్యం ఆడే పిల్ల నేనా, ఫానేనా అన్నది ఆవిడే తేల్చాలి. మేం వలసొచ్చి ఉంటున్న మాంగెరేలో, మా వంటింట్లో కూర్చుని, టీలో బిస్కెట్ ముంచుకుంటూ తేల్చింది.

"ఆడటం చేతులతో కాదర్రా, నవ్వుతో. ఎవరి పళ్ళు ముందు సర్దుకుంటే వాళ్ళే ఆడతారు."

అప్పుడే ఊళ్ళో పళ్ళ ఆసుపత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. క్లిప్పులు ఊరికే వేస్తారు. పళ్ళు తొందరగా జరుగుతాయేమో చూడటానికి చిగుళ్ళ కింద ఎముకలో సన్నటి రంధ్రాలు పొడుస్తారు. ఇద్దరం పేర్లిచ్చాం, రక్తం ఇచ్చాం. ఫానేని రమ్మన్నారు. నన్ను మాత్రం పక్కగదిలోకి పిలిచి, నాకు హెపటైటిస్ బి ఉందని, వాళ్ళ నిబంధనల ప్రకారం నన్ను చేర్చుకోవడం కుదరదని చెప్పి లివర్ డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

ఆవిడ దగ్గరా ఒక పరిశోధనే ఉంది. "నీలాంటి వాళ్ళకి మామూలుగా ఇప్పుడే మందు ఇవ్వం, లివర్ దెబ్బతింటోందని తెలిసేదాకా ఆగుతాం. ముందే ఇస్తే మేలేమో చూస్తున్నాం. చేరతావా?" అంది.

ఆలోచిస్తానని వచ్చేశాను. ఏం ఆలోచించాలి? చెల్లెలికి ఊరంతా చూసే వెండి తీగ, నాకు ఎవరికీ కనపడని మాత్ర! ఇంట్లో అమ్మ ఒకటే పోరు.

"వెళ్ళవే సిలికా, ఆ మందులో చేరవే."

"నాకేం రోగం? బండలా ఉన్నాను," అనేదాన్ని.

ఇంతలో ఫానే ఏడుస్తూ వచ్చింది. "అక్కా, కుడివైపే పొడిచారే! ఎడమవైపు ఊరికే వదిలేశారు. రెండువైపులకీ తేడా చూడాలట!"

నా కడుపు చల్లబడింది. కొన్ని వారాలకి దాని కుడివైపు పళ్ళు బుద్ధిగా వరసలోకొచ్చాయి. ఎడమవైపువి ఎక్కడివక్కడే.

"నవ్వితే సగం పెళ్ళికూతురివి, సగం లోసే అత్తవి," అన్నాను.

"నీకు కుళ్ళు."

"అవునే, కుళ్ళే. ఏం చేస్తావ్?"

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. మేనత్త వచ్చి దాని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "సగమైనా సర్దుకున్నాయి కదా. ఫానే ముందు ఆడుతుంది. సిలికా వెనక ఆడుతుంది."

వెనక ఆడటమంటే మోచేతులు విసురుతూ, మోకాళ్ళు వంచి గెంతుతూ, కావాలని మోటుగా ఆడటం. ముందున్న పిల్ల ఇంకా అందంగా కనపడాలని. అది గౌరవమని మావాళ్ళంటారు. ఆ గౌరవం వాళ్ళే ఉంచుకోవచ్చు. ఈ ఇంటికి ఎడమవైపు పళ్ళు నేనేనని నాకప్పుడు అర్థమైంది. నన్నిలా వదిలేస్తేనే కదా చెల్లెలు ఎంత ముందుకెళ్ళిందో తెలిసేది.

ఆ ఆదివారం అమ్మ చేమాకుల్లో మాంసం పెట్టి కొబ్బరిపాలు పోసి పొట్లాలు కడుతోంది. ఆ అక్కసుతోనే అడిగాను.

"ఒక్క కడుపునే పుట్టాం కదా. దానికెందుకు రాలేదు ఈ రోగం?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. "దానికి పుట్టగానే ఇది అంటకుండా సూది వేశారు."

"మరి నాకు?"

"నువ్వు అక్కడ టోంగాలో, హాపై దీవుల్లో పుట్టావు. నా ఒంట్లో ఇది ఉందని అప్పటికి నాకే తెలీదు. ఫానే కడుపులో ఉన్నప్పుడు ఇక్కడ పరీక్షచేసి చెప్పారు. పెద్దపిల్లనీ ఓసారి తీసుకురమ్మన్నారు."

"తీసుకెళ్ళావా?"

"భయమేసిందే తల్లీ. చర్చిలో తెలిస్తే నీ పక్కన కూర్చుని ఎవరూ తినరనుకున్నా. బాగానే ఆడుకుంటున్నావు కదా, రేపు తీసుకెళ్దాం, రేపు తీసుకెళ్దాం అనుకుంటూ..."

చేతిలో ఆకు విసిరికొట్టాను. "దానికి పుట్టగానే! నాకు రేపు! ఎప్పుడూ అదే ముందు!"

అమ్మ నన్ను ఊరుకోమనలేదు. కొబ్బరిపాల చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. "పద. నేనూ వస్తా. నేనూ చూపించుకుంటా," అంది.

వెళ్ళాం. చర్చికి వెళ్ళేటప్పుడు మావాళ్ళు మర్యాదకి చుట్టుకున్నట్టే, నడుముకి అల్లిన చాప చుట్టుకొచ్చింది అమ్మ. పరీక్షలయ్యాక ఇద్దరమూ ఆ పరిశోధనకి సరిపోతామన్నారు. ఎవరికి మందు ఇప్పుడే ఇవ్వాలో, ఎవరిని మందు లేకుండా గమనిస్తూ ఉండాలో కంప్యూటరే చీటీ తీసినట్టు తీస్తుందట. నా వంతు ఏదో నాకు ముందే తెలుసనుకున్నాను.

"సిలికాకి మందు. అమ్మగారిని కనిపెట్టుకుని ఉంటాం, అవసరం పడిన రోజున వెంటనే మొదలుపెడతాం," అంది డాక్టరమ్మ.

మాత్రల సీసా నా చేతికొచ్చింది. మొదటిసారి నాకొకటి ముందు దక్కింది, అదీ అమ్మని దాటుకుని. సీసాని డాక్టరమ్మ వైపు చాపాను. "ఇది అమ్మకి ఇవ్వకూడదా?" అన్నాను.

"నోర్ముయ్," అంది అమ్మ. ఆ వంకర పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. లేచి నిలబడి, నర్సులంతా చూస్తుండగా, మోచేతులు విసిరి, మోకాళ్ళు వంచి, మోటుగా ఒక్క గెంతు గెంతింది. నడుము చాప ఊడబోతే పట్టుకుంది.

"నువ్వు ముందు ఆడవే. నేను నీ వెనక ఆడతా."

సిగ్గుతో చచ్చాను. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను, అమ్మ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఫానే కోసం అమ్మ ఎన్నడూ వెనక ఆడలేదు. ఇల్లు చేరగానే ఆ ముక్క దాని చెవిన వేశాను. దాని మొహం మాడిపోయింది, కుడివైపూ ఎడమవైపూ సమానంగా.