ఆకుపచ్చ టిక్కు, ఎర్ర ఇంటూ

కాగితం ముక్క దొరికితే చాలు, ఏదో ఒకటి గీసి పారేస్తుందని చిన్నప్పుడే ఆమెకు గీతలమ్మ అని పేరు పెట్టారు. పెళ్లయ్యాక ఆ పేరు కూడా వెంటపడి అత్తవారింటికి వచ్చేసింది. పగలు మందుల కంపెనీలో సీసాల మీది లేబుళ్లు తయారుచేసేది. మిగిలిన తీరికంతా ఐకాన్లకు ధారపోసేది.

ఉత్తరాలు, పత్రాలు రాసుకోవడానికి ఉచితంగా దొరికే ఒక ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోసం ఆ పని. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. దేశదేశాల వాళ్లు ఇష్టం కొద్దీ తలా ఒక చెయ్యి వేసి నడుపుతుంటారు. తెర పైభాగాన వరసగా కనిపించే బుల్లి బొమ్మలే ఐకాన్లు. దాచుకోవడానికి ఒకటి, ప్రింటు తీయడానికి ఒకటి, చెరపడానికి ఒకటి. ఆ బొమ్మల సెట్టు మొత్తానికి థీమ్ అని పేరు. అంతవరకు ఉన్న థీమ్ ఏనాటిదో. రంగులు కొట్టొచ్చినట్టుండేవి. కొత్తగా చేరిన పనులకు అందులో బొమ్మలే లేవు, గీసే నాథుడూ లేడు. గీతలమ్మ పూనుకుని కొత్తది గీసింది. సన్నటి గీతలు, అంతటా ఒకటే బూడిద రంగు. చూసినవాళ్లందరూ ఎంత పొందికగా ఉందో అన్నారు. ఇక పాతదాన్ని తీసేద్దామని ప్రతిపాదించింది కూడా ఆమే. బొమ్మల పని చూసే పెద్దాయన సరేనన్నాడు. ఎక్కడో దూరదేశంలో రిటైరైన లెక్కల మాస్టారాయన. గీతలమ్మకు ఆయన గొంతు తెలుసు గానీ మొహం తెలియదు.

ఆ కబురు విని అందరికన్నా ఎక్కువ పొంగిపోయింది వదిన. భర్తకు అక్క, కోర్టులో టైపిస్టు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి చదివించి, పెళ్లి చేసి, తను మాత్రం ఒంటరిగా పక్కవీధిలోనే ఉండిపోయిన మనిషి. జడ్జిగారు చెబుతుంటే మీటల వంక చూడకుండా టకటకా కొట్టేసేది. "మా మరదలు గీసిందండీ ఇదంతా! మన మిషన్లలో ఎప్పుడు వేస్తారు?" అని కోర్టులో కంప్యూటర్లు చూసే ఆయన ప్రాణం తోడేసి మరీ కొత్త వెర్షన్ వేయించింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే వదినను టైపు సీటు నుంచి రికార్డు గదికి మార్చారు.

"నడుం పట్టేస్తోందిరా. నేనే అడిగి మార్పించుకున్నా" అంది తమ్ముడితో. అతను నమ్మాడు. గీతలమ్మా నమ్మింది.

ఒక ఆదివారం వదిన భోజనానికి వచ్చింది. తిన్నాక తమ్ముడు బండి బాగుచేయించుకోవడానికి బయటికెళ్లాడు. గీతలమ్మ ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టింది.

"వదినా, ఇంకొన్ని గీశాను. ఎలా ఉన్నాయో చెప్పండి."

వదిన ముందుకు వంగింది. "ముచ్చటగా ఉన్నాయే. అందులోనూ ఇదిగో, ఈ చివరిది మరీ బాగుంది" అని వేలు పెట్టి చూపించింది.

వేలి కింద ఏ బొమ్మా లేదు. ఉత్త తెల్ల తెర.

గీతలమ్మ వేళాకోళమనుకుని నవ్వబోయింది. వదిన మెడ ఒక పక్కకు వాల్చి, కోడి గింజను చూసినట్టు ఓరగా తెరను చూస్తోంది.

"అక్కడ ఏముంది వదినా?"

"బొమ్మే."

"ఏం బొమ్మ?"

వదిన వేలు వెనక్కి తీసుకుంది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "ఏమీ లేదు కదూ" అంది మెల్లగా.

"ఎన్నాళ్లయింది ఇలా?"

"ఏడాది పైనే. సూటిగా చూస్తే మధ్యలో మసకమచ్చ. చుట్టుపక్కల కనిపిస్తుంది. రంగులు కనిపిస్తాయి. తగ్గేది కాదన్నాడు డాక్టరు. పెరగడం మాత్రం పెరుగుతుందట."

"మరి టైపు?"

"టైపుకు కళ్లెందుకే, చెవులుండాలి గానీ. తప్పులు పక్కసీటావిడ చూసిపెట్టేది. బొమ్మలంటావా, రంగును బట్టి నొక్కేదాన్ని. నీలం దిమ్మ నొక్కితే దాచుకుంటుంది. ఆకుపచ్చ టిక్కు నొక్కితే దిద్దుబాట్లన్నీ ఒప్పుకున్నట్టు. ఎర్ర ఇంటూ నొక్కితే వద్దన్నట్టు."

ఆ రెండు బొమ్మలూ తను ఎలా గీసిందో గీతలమ్మకు బాగా గుర్తు. పక్కపక్కన రెండు బూడిద రంగు కాగితాలు. ఒకదాని మూల వెంట్రుకంత టిక్కు, రెండోదాని మూల వెంట్రుకంత ఇంటూ.

జరిగింది వదినే చెప్పింది. విడిపోయిన ఆలుమగల కేసు. బిడ్డ తండ్రి దగ్గర పెరుగుతోంది. తల్లి నెలకోసారి చూడవచ్చని మొదట రాయించిన జడ్జిగారు, మర్నాడు మనసు మార్చుకుని వారానికోసారి అని కంప్యూటర్లోనే దిద్దారు. అలా దిద్దినవి ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా పక్కా కావు. ఆ దిద్దుబాట్లను ఒప్పుకుని ప్రింటు తీయడమే వదిన పని. తడుముకుని ఒకటి నొక్కింది. దిద్దినవన్నీ ఎగిరిపోయి పాత మాటే కాగితం మీదికెక్కింది. ఇన్నేళ్లలో ఆమె ఇచ్చిన కాగితాన్ని మళ్లీ చూడాల్సిన అవసరం జడ్జిగారికి ఎప్పుడూ రాలేదు. అలవాటుగా సంతకం పెట్టేశారు.

"మర్నాటికల్లా సరిచేసి ఇచ్చార్లే. కానీ ఆ కాగితం చదువుకుని ఆ తల్లి కోర్టు మెట్ల మీద కూలబడిపోయిందటే. ఆ రాత్రంతా ఎలా గడిపిందో. అజాగ్రత్త అన్నారు నన్ను. అననీ అని ఊరుకున్నా. గుడ్డిదనిపించుకోవడం కన్నా అదే నయం."

"తప్పు నాది వదినా."

"నీకేం తెలుసని? నేను దాచాను, నువ్వు గీశావు. నీకు చెప్పి ఉంటే నువ్వలా గీసేదానివా?" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "వాడి చెవిన వెయ్యకు" అంది.

ఆ వారమే గీతలమ్మ పెద్దాయనకు ఫోన్ చేసింది.

"మాస్టారూ, పాత థీమ్ మళ్లీ చేర్చాలండి."

"తీసేయమన్నది మీరే కదమ్మా?"

"నేనేనండి. పప్పులో కాలేశాను." వదిన పేరెత్తకుండా సంగతి చెప్పింది.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "చేర్చడం ఎంతసేపు? సగం పనులకు బొమ్మలే లేవు దాంట్లో. ప్రతి కొత్త వెర్షన్‌కీ ఎవరో ఒకరు కూర్చుని గీయాలి. నాలుగు రోజులు ఆవేశంగా చేసి గాలికి వదిలేసినవి మన దగ్గర బోలెడున్నాయమ్మా."

"నేను చూసుకుంటాను."

"సరే. కానీ పాతవాటిని ఉన్నవున్నట్టు తేకండి. చూపు తగ్గినవాళ్ల పక్కన కూర్చుని గీయండి. లేదంటే మళ్లీ మన కళ్లకు నచ్చినట్టే గీసుకుంటాం."

ఈ మాట పట్టుకుని వదిన దగ్గరికి వెళితే ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. "నన్ను తీసుకెళ్లి సంతలో నిలబెడతావా? ఇదిగో కళ్లు పోయినామె, చూడండి అని చాటుతావా?" తలుపు ధడాలున వేసుకుంది. తర్వాత కొన్ని వారాలు తమ్ముడింటి గడప తొక్కలేదు. గీతలమ్మ తనకు తోచినట్టు గీసింది. కళ్లు సగం మూసి చూసుకుంది, గది అవతల నుంచి చూసుకుంది. దేని మీదా నమ్మకం కుదరలేదు.

ఒక పొద్దున వదినే వచ్చింది. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"రికార్డు గదిలో కట్టల మీది నంబర్లు నాకు ఆనడం లేదురా. నా కళ్లు పోతున్నాయి. ఎవరో పట్టుకునేలోపు జడ్జిగారికి నేనే చెప్పేస్తా. నా పని నేను చేసుకోగలనని చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అందుకొచ్చా."

"నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాడు తమ్ముడు.

"చెబితే మర్నాడే ఉద్యోగం మానిపించేవాడివి కాదూ?"

అతను కాదనలేదు. తల వంచుకుని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఆదివారాలు కిటికీ పక్కన వెలుతురులో పని సాగింది. గీతలమ్మ గీయడం, వదిన కొట్టిపారేయడం.

"ఇదేమిటే, నలిగిన చొక్కాలా ఉంది?"

"ప్రింటరు వదినా."

"తగలబడినట్టే ఉంది నీ ప్రింటరు. మళ్లీ గియ్యి."

సన్నగీత ఎంత నల్లగా ఉన్నా మచ్చలో కలిసిపోతోందని, నిండుగా రంగు నింపిన దిమ్మ అయితేనే నిలుస్తోందని తెలిసింది. రంగు ఒక్కటే చాలదని కూడా తెలిసింది. మబ్బు పట్టిన పూట వదినకు ఆకుపచ్చా ఎరుపూ ఒకేలా కనిపించాయి. అందుకని గీతలమ్మ టిక్కును గుండ్రటి బిళ్ల మీద, ఇంటూను నలుచదరపు పలక మీద పెట్టింది. రెంటికీ నడుమ ఖాళీ జాగా వదలాలని పెద్దాయనతో వాదించి గెలిచింది.

కొత్త వెర్షన్‌లో రంగుల థీమ్ చేరిన రోజు వదిన జడ్జిగారి గదికి ఒంటరిగా వెళ్లింది. ఆయన ఆసాంతం విని, "అప్పుడే చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నారట. ఆ తర్వాత, "నేనూ చదివి ఉండాల్సింది" అన్నారట. ఇక మీదట ఎవరు టైపు చేసినా ఇంకొకరు చదివాకే సంతకానికి తేవాలని చెప్పి, ఆమె సీటు ఆమెకు ఇచ్చేశారు.

ఎక్కడెక్కడి వాళ్లో ఆ థీమ్ వాడి సందేశాలు పంపారు. ఒక గిడ్డంగి గుమాస్తా, ఎవరినీ పిలవకుండా తన పని తనే చేసుకుంటున్నానని రాశాడు. గీతలమ్మ దాన్ని చదివి వినిపిస్తే వదిన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

మచ్చ మాత్రం ఆగలేదు. మరుసటి వేసవికి రంగులను కూడా మింగేసింది. ఒకరు చెప్పేదాకా రానివ్వలేదు వదిన. తనే రాజీనామా కాగితం ఇచ్చి, అందరి దగ్గరా సెలవు తీసుకుని, తమ్ముడి మోచెయ్యి పట్టుకుని కోర్టు మెట్లు దిగింది. తర్వాత వాళ్లింటికే వచ్చేసింది.

గీతలమ్మ మాట తప్పలేదు. కొత్త వెర్షన్ వస్తుందనగానే కిటికీ పక్కన కూర్చుంటుంది. వదినా పక్కన కుర్చీ వేసుకుంటుంది.

"ఇప్పుడేం గీస్తున్నావ్?"

"పేజీలకు తాళం వేసే బొమ్మ వదినా."

"ఏ రంగు?"

"నారింజ."

"కుడిపక్కనే ఎర్ర ఇంటూ ఉంటుంది కదే. రెండూ కలిసిపోతాయి. ఊదా వేసి చూడు."

గీతలమ్మ రంగు మార్చి, కుర్చీ వెనక్కి జరిపి దూరం నుంచి చూసింది. విడిగా కనిపిస్తోంది.

"కుదిరిందా?" అంది వదిన.

"కుదిరింది వదినా" అని తర్వాతి బొమ్మ తీసింది.