ఆదివారం రెండున్నరకి పదహారు

హాలు గోడ మీద ఇంటి వేడిని అదుపు చేసే పాత థర్మోస్టాట్, పసుపెక్కిపోయిన గుండ్రటి చక్రం. ఇరవై డిగ్రీల దగ్గర పెడితే ఒకరోజు ఉడికించేది, ఒకరోజు వణికించేది. జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో మా అద్దె ఇల్లంతా దాని మాటే వినాలి. మారుస్తానంటే ఇంటాయన సరేనన్నాడు. పాతది మాత్రం నేలకింది సామాన్ల గది కెల్లర్‌లో దాచమన్నాడు. ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించి ఇవ్వాలట.

రేపల్లెలో పదేళ్ళు మోటార్ వైండింగ్ చేసినవాణ్ణి. ఫ్యూజు తీసి, వైర్లు మార్చి బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టలేదు. కొత్తది డిజిటల్. ఏ రోజు ఏ గంటకి ఎంత వేడి ఉండాలో ముందే చెప్పి పెట్టొచ్చు. దాంతో వచ్చిన కాగితం చదువుతుంటే నాకు ఆదివారం గుర్తొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూటం. మా ఆవిడ కృపామణి అన్న రూఫస్ బావ నడిపిస్తాడు. వారానికొకరు ముగింపు ప్రార్థన చెయ్యాలి, పైకి వినపడేలా. ఈ వారం వంతు నాది. పెళ్ళిలో ‘ఔను’ అనిపించడానికే పాస్టరుగారు నన్ను రెండుసార్లు అడగాల్సొచ్చింది. పద్నాలుగు మంది కళ్ళు మూసుకుని నా నోటి కోసం ఎదురు చూస్తారని తలుచుకుంటే బుధవారం నుంచి అన్నం దిగలేదు.

మూడింటికి బావ బైబిల్ వాక్యం మొదలుపెడతాడు, నాలుగున్నరకి ముగింపు, అదీ పేరుకే. కిటికీలు పాతవి. శుక్రవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు హీటింగ్ కట్టేసి చూశాను. గంటకి మూడు డిగ్రీలు దిగింది. చలేస్తే జనం లేస్తారు, జనం లేస్తే బావ తనే గబగబా ముగించేస్తాడు. ఆదివారం రెండున్నరకి పదహారు అని పెట్టాను.

ఒక లెక్క మర్చిపోయాను. పద్నాలుగు మంది మనుషులంటే పద్నాలుగు పొయ్యిలు. పైగా కూటం అయ్యాక తినడానికి బల్ల మీద బిర్యానీ గిన్నె. హాలు ఇరవై రెండు దగ్గరే కూర్చుంది. హాల్లో వేడి చూసుకుని, ఇల్లంతటికీ వేడి పంపే బాయిలర్ పూర్తిగా నిద్రపోయింది. చల్లబడింది పిల్లలు ఆడుకునే లోపలి గది.

నాలుగింటికి, కూటానికొచ్చే యూనిస్ కొడుకు హ్యారీ తలుపు తీసి, ముక్కు తుడుచుకుంటూ, జర్మన్‌లో చలిగా ఉందన్నాడు. వెనకే ఇంకో అయిదుగురు. అందరూ వచ్చి పెద్దవాళ్ళ ఒళ్ళో చేరారు. హాలు ఇంకా వేడెక్కింది. ఒక్కరూ లేవలేదు.

కృపామణి లేచి గోడ దగ్గరికెళ్ళింది. తెర మీద పదహారు, పక్కన అది ముందే పెట్టిందని చెప్పే చిన్న గడియారం బొమ్మ. నా వైపు తిరిగింది. పాతదైతే ఇలా చాడీలు చెప్పేది కాదు.

“అన్నయ్యా, మా ఆయన ముగింపు ప్రార్థన ఇప్పుడే చేస్తారంట” అంది.

“మంచిది. లే బావా” అన్నాడు రూఫస్.

లేచాను. కళ్ళు మూసుకున్నాను.

“తండ్రీ, హీటింగ్ తగ్గించింది నేనే. పిల్లలకి చలేసింది. క్షమించు. ఆమెన్.”

ఇంకా ఉందేమోనని కాసేపు ఎవరూ కళ్ళు తెరవలేదు. తరవాత యూనిస్ నవ్వాపుకోడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. టైమ్ నాలుగూ పది. ఆ యేడాది కూటంలో బిర్యానీ వేడిగా తిన్నది ఆ రోజే.

వెళ్ళేటప్పుడు రూఫస్ బావ బూట్లు తొడుక్కుంటూ, ఇకమీదట ప్రతి ఆదివారం ముగింపు నన్నే చెయ్యమన్నాడు. అందరూ అదే అడుగుతున్నారట. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం అంత బాగా లేదు.

తలుపేసి వచ్చాక కృపామణిని అడిగాను.

“వారం వారం ఒప్పుకోడానికి తప్పులెక్కణ్ణించి తేను?”

“మీకేం కొదవండీ” అంది.