శిరీష సగం చూసిన సినిమా

పోలీసాయన అడిగితే హత్యల సినిమా, బడి సారు అడిగితే రాజుల సినిమా, ఇంటినిండా మనుషులున్నవాళ్లు అడిగితే దయ్యం సినిమా, ఒంటరివాళ్లకు మాత్రం దయ్యాన్ని ఇవ్వకూడదు, శంషాబాద్ బస్టాండు పక్కన అద్దె సీడీల దుకాణం పెట్టిన పన్నెండేళ్లలో మల్లేశ్వర్ ఎన్నడూ తప్పని నియమం అది, నిన్న కూడా తప్పలేదు కదా, ఎవరో పెద్దమ్మ వచ్చి బాయిలకెళ్లి దయ్యం పిల్ల వస్తది సూడు, గా పాత సినిమా ఇయ్యి బిడ్డా అంటే ఇంట్ల ఎంతమందమ్మా అని అడిగాడు, ఇద్దరం అంది, ఇచ్చాడు, తీరా ఇవాళ పక్కన పూలమ్మే జంగమ్మ చల్లగా చెప్పింది, గామె రుక్కమ్మ అన్నా, శిరీష తల్లి, బిడ్డ పోయినంక పాల్మాకులల ఒక్కతే ఉంటది, ఇక చేతులాడలేదు, పట్టపగలే షట్టర్ దించి బండి తీశాడు, ఆ డిస్కు ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలి.

శిరీష, డిగ్రీ చదివే పిల్ల, ఏ సినిమా ఇచ్చినా మర్నాడు వచ్చి వాదించేది, చంపినోడు ఎవరో ముందుగాల్నే తెలిస్తేనే అసలు భయం అన్నా అనేది, పోయినేడు ఇదే డిస్కు తీసుకుపోయిన ఆ పిల్లకు ఫోన్ చేసింది తనే, రేపు దుకాణం బంద్, వేరేటోళ్లు అడుగుతున్నరు, ఇయ్యాల్నే ఇచ్చిపో, సగమే సూసినం అన్నా అంది, మిగతాది మల్ల సూడొచ్చు తియ్యి అన్నాడు, నిజానికి ఎవరూ అడగలేదు, డిస్కులు తొందరగా తిరిగి రావాలని అందరికీ చెప్పే మాటే అది, పాపం తెచ్చి ఇచ్చింది, తిరిగి పోతుంటే సర్వీసు రోడ్డు మీద టిప్పర్ గుద్దింది, చావుకు పోలేదు తను, ఆ ఇంటి ముఖం చూడలేదు, ఫోన్ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఈ మలుపే, ఇక్కడికి రాగానే వెనక సీటు మీద ఎవరో కూర్చున్నట్టు బండి బరువెక్కుతుంది, తిరిగి చూడడు, విమానం నెత్తిమీదుగా దిగుతోంది, ఆ మోతలో అన్నా అని పిలిచినట్టుంది, భయమేస్తోంది, నిజంగానే భయమేస్తోంది.

తలుపు తెరిచే ఉంది, టీవీలో బావి గట్టు మీద తెల్లచీర పిల్ల కదలకుండా నిలబడి ఉంది, ఎదురుగా రెండు కుర్చీలు, ఒకదాంట్లో రుక్కమ్మ, గా కుర్చీల వద్దు బిడ్డా, ఈ మంచం మీద కూసో అంది, అతను గుమ్మంలోనే నిలబడి, అమ్మా, పొరపాటున ఇచ్చిన, ఒక్కదానివి ఉన్నవని ఎరుక లేదు, భయపడుతవు, ఇచ్చెయ్ అన్నాడు, దయ్యమంటే నాకేం భయం బిడ్డా, ఈడిదాకనే సూసినం ఇద్దరం, నాకు హిందీ రాదు, నా బిడ్డనే అర్థం చెప్తుండె, డిస్కు ఇచ్చి, మిగతా కథ అన్నను అడిగొచ్చి చెప్త అని పోయింది, ఆమె గొంతు వణకలేదు, అదే అతనికి భరించరానిదైంది, కథ చెప్పబోయాడు, చివరికి పంతులొచ్చి దయ్యాన్ని వెళ్లగొడతాడు, ఆ మాట నోట రాలేదు, వేరే మాట వచ్చింది, ఆ రోజు ఫోన్ చేసి రమ్మన్నది నేనే అమ్మా, ఎవ్వరు అడగలే, ఉత్తగ అన్న.

ఎర్కే బిడ్డా, పక్కనే ఉన్న గద, ఫోన్ల నీ మాట ఇనవడ్డది, ఆమె టీవీ ఆపేసింది, తెర నల్లబడింది, సినిమా సంగతి ఇడిసిపెట్టు, దుకాణానికి వచ్చినంక నా బిడ్డ ఏం మాట్లాడింది, గది చెప్పు, ఏడాది సంది గదే అడుగుదామని, నిన్న నీ ముంగటికొచ్చి నోరు రాలే. తిట్టినా బాగుండేది, అతనికి ఏడుపొచ్చింది, కౌంటరు మీద మోచేతులానించి నవ్వుతూ శిరీష అడిగిన మాట ఇన్నాళ్లూ గొంతులోనే ఉండిపోయింది, మా అమ్మ నవ్వే సినిమా ఏదన్న ఉంటే చెప్పన్నా, రేపొచ్చి తీస్కపోత, చెప్పాడు, అక్షరం తప్పకుండా చెప్పాడు, రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే ఇంకోపారి చెప్పు బిడ్డా అంది, మళ్లీ చెబుతుంటే మల్లేశ్వర్‌కు తెలిసింది, ఆ పిల్ల తల్లికోసం వదిలిపోయిన ఆఖరి మాటను ఏడాదిపాటు తను దయ్యమనుకుని దాచాడు.