మరిది దగ్గర లేని డిస్కు

చూపులేని విద్యార్థుల కోసం మూడేళ్లుగా నేను చదివి రికార్డు చేస్తున్న న్యాయశాస్త్ర పాఠాలన్నీ మెట్ల కింది అలమరలో ఒక చిన్న పెట్టెలో ఉంటాయి. అందులో రెండు డిస్కులు. ఒకదానిలో పడిందల్లా రెండోదానిలోనూ పడుతుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని ధీమా. సోమవారం పొద్దున ఆ పెట్టె మొండికేసింది. పాత పాఠాలు వినిపిస్తుందట, కొత్త పాఠం మాత్రం దాచుకోదట.

"వదిన ఏదో నొక్కేసుంటుందమ్మా," అన్నాడు మా మరిది, అత్తయ్యతో. ఇంటర్నెట్టులో జనానికి కంప్యూటరు చిట్కాలు చెప్పే మేధావి ఆయన.

"ఆ యంత్రాలు నీకెందుకమ్మా? వాణ్ణి అడగొచ్చుగా," అంది అత్తయ్య.

వాణ్ణి అడగలేదు. ఎప్పుడేం జరిగిందో పెట్టె తనంతట తానే రాసుకుంటుంది. అది తీసి చదివాను. శనివారం మూడింటికి, నేను అత్తయ్యను పళ్ల డాక్టరు దగ్గర కూర్చోబెట్టిన వేళ, పెట్టె ఆగింది. పావుగంట తర్వాత ఒక్క డిస్కుతో లేచింది. అంతకుముందు రెండోదానికి జలుబు కూడా చేసిన దాఖలా లేదు. "ఒక్కటే ఉన్నా సరే, నడువు" అని ఎవరో దాన్ని బలవంతపెట్టారు. మా పాత పెట్టె అలాంటి బలవంతానికి ఒక్కసారే లొంగుతుంది. ఆ తర్వాత ఆపి మళ్లీ వేస్తే చదవనిస్తుందే గానీ రాయనివ్వదు, కొత్త డిస్కును జత చేసుకోనూ చేసుకోదు. మహానుభావుడు సరిగ్గా అదే చేశాడు.

మిగిలిన డిస్కు టిక్కు టిక్కుమంటోంది. అదీ పోతే మూడేళ్ల పాఠాలు గాలికే. వేరే కాపీ లేదు. ఇక దారి ఒకటే. ఇంకో డిస్కును పూర్తిగా తుడిచి, అన్నీ అందులోకి దింపుకుని, పెట్టెను దానితోనే కొత్తగా మొదలుపెట్టాలి.

మరిది స్నానానికెళ్లినప్పుడు ఆయన కంప్యూటరు మూత తీసి చూశాను. మా పెట్టె కాగితాల్లో ఉన్న నంబరే లోపలున్న ఒక డిస్కు మీదా ఉంది. మూత పెట్టేసి వడ్డించాను.

"మన డిస్కు నీ దగ్గరేమైనా ఉందా?"

"ఛ, నా దగ్గరెందుకుంటుంది వదినా? అది పాడైపోయుంటుంది."

"ఎక్కడైనా దొరికితే తుడిచి వాడుకోనా?"

"నీ ఇష్టం. అందులో ఏముంటుంది గనక!"

"విన్నారుగా అత్తయ్యా?"

"విన్నానమ్మా. ముందు తిను, చల్లారిపోతోంది."

తిన్నాక ఆయన బజారుకు వెళ్లాడు. నేను నాలుగు స్క్రూలు విప్పాను. డిస్కులో మా పాఠాలు తుడిచేసి తన ఎనిమిది నెలల వీడియోలు నింపుకున్నాడు, ఇంకా జనానికి చూపించనివి. "మీ ఫైళ్లు భద్రంగా దాచుకోవడం ఎలా?" తొమ్మిది భాగాలు. ఒక్క క్షణం జాలేసింది. వదిన ఏదో నొక్కేసుంటుందన్న మాట గుర్తొచ్చింది. నొక్కాను.

దింపుకోవడానికి ఐదు గంటలు పట్టింది. పాతది టిక్కు టిక్కుమంటూనే చివరి పాఠం దాకా ఇచ్చింది. ఆలోగా ఇంటికొచ్చిన మరిది తన గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"వదినా! నా... ఆ..."

"ఏంట్రా, ఏం పోయింది?" అంది అత్తయ్య.

నా వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "ఏం లేదమ్మా."

"ఏం పోకపోతే ఆ మొహమేంట్రా?"

కొత్త పాఠం దాచమన్నాను. కిమ్మనకుండా దాచుకుంది పెట్టె.

"దీనికి జతగా ఇంకో డిస్కు కావాలి, కాస్త కొనుక్కురా. ఏది మంచిదో నీకు తెలిసినట్టు మాకు తెలీదుగా," అన్నాను.

తలొంచుకుని చెప్పులేసుకున్నాడు.