నాలుగు బటన్లు

మా అత్తగారికి మోకాళ్ళు మొరాయించినప్పటినుంచి ఇంట్లో స్విచ్చులన్నీ నా చేతిమీదే నడిచేవి. "పెద్దమ్మాయ్" అని వినిపించిందంటే ఫ్యానో లైటో అని అర్థం. చేతిలో పని వదిలేసి పరిగెత్తేదాన్ని. సణుక్కునేదాన్ని కూడా, అబద్ధమెందుకు. కానీ ఆ పిలుపు నాది, ఇంకెవరిదీ కాదు.

దానిమీద మా తోడికోడలి కన్ను పడింది. మేడమీద వాటాలో ఉంటుంది, ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో పనిచేస్తుంది. ఓ రోజు నాలుగు తెల్ల డబ్బాలు తెచ్చి గోడ ప్లగ్గుల్లో గుచ్చి, వాటికి టేబుల్ ఫ్యాన్, లైటు, రేడియో, కెటిల్ తగిలించి, ఓ నల్ల రిమోట్ అత్తగారి చేతిలో పెట్టింది. కూర్చున్నచోటినుంచే నొక్కితే చాలు. ఇక ఆవిడ సంబరం చూడాలి. పాలవాడు వచ్చినా దాన్ని చూపించి, "మా చిన్నది తెచ్చింది" అనడమే. ఆ తర్వాత నన్ను ఒక్కసారి పిలిస్తే ఒట్టు. నాకు కడుపు మండిపోయింది.

నిన్న ఆవిడ స్నానానికి వెళ్ళగానే, పిండి కలుపుతున్న చేతులతోనే వెళ్ళి రిమోట్‌లో బ్యాటరీలు ఊడబీకి, తెచ్చి పిండి డబ్బాలో దాచాను. ఆవిడ వచ్చి కూర్చున్నాక కుళాయి కట్టేసి, చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.

నొక్కింది. మళ్ళీ నొక్కింది. రిమోట్‌ని అరచేతికేసి కొట్టింది. చివరికి "పెద్దమ్మాయ్" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క అంగలో ముందుగదిలో ఉన్నాను. ఫ్యాన్ వైరు ఆ తెల్ల డబ్బాలోంచి పీకి నేరుగా గోడకి పెడదామని వంగాను.

"నువ్వు ముట్టుకోకమ్మా, పాడైపోతుంది. పైకెళ్ళి చిన్నదాన్ని పిలుచుకురా."

నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. తోడికోడలు రిమోట్ తిరగేసింది. వెనక మూతమీద తెల్లగా నా వేలిముద్ర. పిండి అంటిన నా చేతులకేసి చూసింది. అత్తగారి కంటపడకుండా బొటనవేలితో ఆ మరక తుడిచేసి, నీళ్ళు తాగొస్తానని రిమోట్ పట్టుకునే వంటింట్లోకి వచ్చింది.

"ఎక్కడ పెట్టావక్కా?" అంది మెల్లగా.

పిండి డబ్బా మూత తీశాను. తను బ్యాటరీలు దులిపి రిమోట్‌లో వేసుకుని వెళ్ళి, "కాస్త వదులయ్యాయంతే అత్తయ్యా" అంది. ఫ్యాన్ తిరిగింది.

"చూశావా, మా చిన్నదాని చెయ్యి పడితే చాలు" అంది అత్తగారు నాతో.

ఔనన్నాను. ఇంకేమంటాను? నన్ను పట్టించి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. కాపాడి కూర్చుంది. ఈ సంగతి తెలిస్తే అత్తగారు దాన్ని ఇంకా మెచ్చుకుంటుంది. అందుకే నోరు మూసుకున్నాను.