ఐసుకీ టీకీ మధ్య జ్వరం

ఆ వార్డులో అందరికీ మామూలు జ్వరమే. మూలమంచం మీది రిటైరైన బస్సు కండక్టరుకు మాత్రం ఇంటికి పోయే జ్వరం. హెర్నియా ఆపరేషనై కళ్ళు తెరిచినప్పటి నుంచి నర్సు కనబడితే చాలు, "టికెట్ కొట్టమ్మా, దిగిపోతాను" అని ఒకటే పోరు. ఒంట్లో వేడి నార్మల్‌గా ఉంటే ఆ సాయంత్రమే పంపిస్తానని డాక్టరు మాటిచ్చాడు.

నర్సు థర్మామీటరు నాలుక కింద పెట్టింది. అది కుయ్యిమంది. తొంభై ఎనిమిది పాయింటు ఆరు!

"రైట్ రైట్!" అన్నాడు కండక్టరు కాళ్ళు కిందికి దించుతూ.

రాసేద్దామనుకుంటూనే నర్సు అలవాటు కొద్దీ నాడి పట్టుకుంది. మణికట్టు పెనంలా కాలుతోంది. నాడి బ్రేకుల్లేని బస్సు. ఒళ్ళింత వేడిగా ఉంటే నోరు మాత్రం చల్లగా ఉందా? ఆ నోరు చల్లగా ఉండటం వార్డు ఎరగదు. నార్మల్ అని రాస్తే ఈయన ఇంటికి పోతాడు. కుట్ల కింద చీముంటే అదీ టికెట్ లేకుండా వెంటపోతుంది.

ఇంతలో దిండు కింద నుంచి నీటిచుక్క జారింది.

"దిండుకు చెమట పట్టిందేం బాబాయిగారూ?" దిండెత్తితే గ్లాసు, గ్లాసు నిండా ఐసుముక్కలు.

"పొద్దుట్నుంచీ చప్పరిస్తూనే ఉన్నారమ్మా!" పక్కనున్న భార్య చాడీ చెప్పింది.

"మరి నువ్వో? ఇందాక మరిగే టీ నా నోట్లో పోసిందెవరు?"

"ఇంకో నాలుగు రోజులు మీరిక్కడుంటే రాత్రిళ్ళయినా ఇంట్లో నా చెవులు బాగుపడతాయని పోశాను!"

ఆయన దించాడు, ఆవిడ ఎక్కించింది. కాపురంలో ఏనాడూ కుదరని రాజీ థర్మామీటరులో కుదిరింది.

"నోట్లో ఏది పోస్తే ఇది దాని వేడే చెబుతుంది, ఒంటి సంగతి చెప్పదు. పావుగంట ఇద్దరూ నోళ్ళు మూసుకోండి. నీళ్ళు కూడా వద్దు."

వార్డంతా ఆ పావుగంటను పండగ చేసుకుంది. మళ్ళీ పెడితే నూటొకటిన్నర.

డాక్టరొచ్చి కట్టు విప్పాడు. కుట్ల చివర ఎర్రటి వాపు, నొక్కితే చీము. డిశ్చార్జి రద్దు. కండక్టరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అనుకున్నది దక్కినా ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నా టీ వల్లేనామ్మా?"

"టీకి చీము పట్టదు పిన్నిగారూ. టైముకి దొరికింది, మందులకు తగ్గుతుంది."

ఆవిడ మెల్లగా మొగుడి వీపు మీద చెయ్యేసింది. "ఏమండీ, కాస్త తిట్టండి. మీరు నోరెత్తకపోతే నాకు భయంగా ఉంది."

"జ్వరం తగ్గనీ," అన్నాడాయన గోడతో. "అన్నీ కలిపి తిడతాను."